కరెంటు కమిషన్ మన ఎమ్మెల్యేకు జవాబు చెప్పాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు వైపు ఒక పల్లెలో మా బావగారికి చిన్న పిండి మిల్లు ఉంది. ఒక నెల ఆయన బిల్లులో, వాడిన యూనిట్లకు అయిన డబ్బు కాకుండా కింద ఇంకో రెండు వరుసలు ఎక్కువ కనబడ్డాయి. బిల్లు కట్టే చోట అడిగితే "అది మాది కాదు సార్, కమిషన్ ఆర్డరు" అన్నారు. అక్కడి నుంచి ఒక నాయకుడి ఇంటికి పోయి వరండాలో గంటసేపు కూర్చుంటే, పీఏ వచ్చి "ఇది కమిషన్ చేతిలో పని, సార్ చేతిలో ఏమీ లేదు" అని పంపించేశాడు. ఆ రాత్రి బావగారు ఫోన్ చేసి "మనం ఓటేసినోళ్ల చేతిలో లేదంటే, ఇంకెవర్ని అడగాల బామ్మర్దీ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి విద్యుత్ చట్టం ముందేసుకుని చదువుతున్నాను, కరెంటు రేట్ల మీద జరిగే ఒక టారిఫ్ విచారణలో మాట్లాడాను కూడా. తిరుపతిలో తెలిసినవాళ్లు ఈ విషయం మీద నన్ను పదేపదే అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇక్కడ పెడుతున్నాను.

ఇంతకీ ఈ కమిషన్ ఏంటి? కరెంటు ఆఫీసూ ఇదీ ఒకటేనా?

కాదు. మన తిరుపతిలో తిరుచానూరు రోడ్డులో ఉన్నది ఎస్పీడీసీఎల్, అంటే కరెంటు పంచే ప్రభుత్వ కంపెనీ, మనం డిస్కం అంటుంటాం కదా, అది. చిత్తూరు, తిరుపతి, నెల్లూరు, కడప, అనంతపురం వైపు లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, మీటర్లు, బిల్లులు అన్నీ దాని పనే. కమిషన్ అంటే ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి, ఏపీఈఆర్‌సీ. ఇప్పుడు కర్నూలులో ఉంది. డిస్కం ఎంత ఖర్చు చూపిస్తే అందులో ఎంత నిజమైన ఖర్చు, మన దగ్గర యూనిట్‌కు ఎంత వసూలు చేయొచ్చు, ఎవరి దగ్గర కరెంటు కొనొచ్చు అన్నది తేల్చేది కమిషన్. ఒక కొనుగోలు ఒప్పందానికి కమిషన్ సరే అంటే ఆ భారమో లాభమో 25 ఏళ్ల పాటు మన బిల్లులో ఉంటుంది. 2021లో కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ కంపెనీ సెకీ నుంచి 7,000 మెగావాట్ల సౌర విద్యుత్ కొనడానికి అనుమతి ఇచ్చింది కూడా ఈ కమిషనే.

రేటు ప్రభుత్వమే పెట్టొచ్చు కదా, మధ్యలో కమిషన్ ఎందుకు?

పాత విద్యుత్ బోర్డు రోజుల్లో అలాగే ఉండేది. ఎన్నికలొస్తే రేటు ఆగిపోయేది, నష్టం మాత్రం పేరుకునేది, బోర్డు ఎంత అప్పులో ఉందో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. అందుకని 1998లో రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చి, 1999లో కమిషన్ పెట్టారు. తర్వాత కేంద్రం 2003లో తెచ్చిన విద్యుత్ చట్టమే ఇప్పుడు దీనికి ఆధారం. రాష్ట్రం విడిపోయాక 2014లో మనకు వేరే కమిషన్ వచ్చింది.

ఆలోచన మంచిదే. కానీ మొదట్లోనే ఏం జరిగిందో మర్చిపోకూడదు. 2000లో ఛార్జీలు బాగా పెరిగాయి, రాష్ట్రమంతా ఆందోళనలు లేచాయి, ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. రేటు నిర్ణయించే బల్ల రాజకీయ నాయకుల దగ్గర నుంచి కమిషన్ దగ్గరికి మారింది గానీ, జనం కోపం మాత్రం వాళ్లు ఓటేసిన ప్రభుత్వం మీదికే పోయింది. పోదా మరి? మనకు తెలిసిన మొహాలు వాళ్లవే.

కమిషన్ సభ్యులను ఎవరు వేస్తారు? ఎమ్మెల్యేలకు అందులో భాగం ఉందా?

లేదు. మాజీ హైకోర్టు జడ్జి అధ్యక్షుడుగా, రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, ఢిల్లీలోని కేంద్ర విద్యుత్ సంస్థల నుంచి ఒకరు కలిసిన ముగ్గురి కమిటీ ఒక్కో ఖాళీకి రెండు పేర్లు ఇస్తుంది, అందులోంచి ఒకరిని ప్రభుత్వం ఎంచుకుంటుంది. పదవి 5 ఏళ్లు, లేదా 65 ఏళ్ల వయసు వచ్చేదాకా. అదే పదవిలో మళ్లీ వేయరు. మధ్యలో తీసేయడం కూడా సులభం కాదు, పెద్ద విచారణ దాటాలి. ఇదంతా ఎందుకంటే నచ్చని ఆర్డర్ ఇచ్చారని ఎవరూ మర్నాడే ఇంటికి పంపకూడదని.

మా ఎమ్మెల్యే ఫోన్ చేసి రేటు తగ్గించమని చెప్పొచ్చు కదా?

చెప్పకూడదు. చెప్పినా కమిషన్ వినకూడదు. ఇది నేను గట్టిగా నమ్మే మాట. ఈరోజు మన ఎమ్మెల్యే మన పిండి మిల్లు కోసం ఫోన్ చేస్తే, రేపు ఇంకొకాయన తన ఫ్యాక్టరీ కోసం చేస్తాడు, ఆయన ఫోను మన ఫోను కంటే గట్టిగా మోగుతుంది.

అయితే ఆజ్ఞ ఇవ్వడం వేరే, లెక్క అడగడం వేరే. ఇంటి పంచాయితీ పెద్దమనిషికి ఒప్పజెప్పాక తీర్పు ఇట్లా చెప్పు అని ఆయన చెవిలో ఊదకూడదు గానీ, తీర్పు చెప్పాక ఎందుకు ఇట్లా చెప్పావని పదిమందిలో అడిగితే ఆయన చెప్పాలి కదా. ఎమ్మెల్యేకు కమిషన్ మీద ఉన్న హక్కు ఈ రెండో రకం. మా బావగారికి పీఏ చెప్పిన "సార్ చేతిలో ఏమీ లేదు" అన్న మాటలో సగమే నిజం. రేటు ఆయన చేతిలో లేదు, అడగడం మాత్రం ఆయన చేతిలోనే ఉంది.

ప్రభుత్వం మాత్రం కమిషన్‌కు ఆదేశాలు ఇవ్వొచ్చంట కదా?

అవును. చట్టంలో సెక్షన్ 108 ప్రకారం ప్రజాప్రయోజనం ఉన్న విధాన విషయాల్లో రాష్ట్ర ప్రభుత్వం ఆదేశాలు ఇవ్వొచ్చు, కమిషన్ వాటిని దృష్టిలో పెట్టుకుని నడుచుకోవాలి. ఏది విధాన విషయం అన్నదాని మీద తగాదా వస్తే ప్రభుత్వం మాటే చివరి మాట. చాలా పెద్ద తలుపు ఇది. మంత్రి దగ్గర నుంచి కమిషన్‌కు పోయే ప్రతి ఆదేశం గురించి సభలో అడిగే హక్కు ఎమ్మెల్యేలకు ఉంది, ఎందుకంటే మంత్రి జవాబు చెప్పాల్సింది సభకే.

ఉచిత కరెంటు, సబ్సిడీ ఇవి కమిషన్ ఇచ్చేవా?

కమిషన్ ఇవ్వదు. ఇచ్చేది ప్రభుత్వం. రైతు బోరుకు పగటిపూట 9 గంటలు ఉచితంగా ఇవ్వాలంటే ఆ ఖర్చు ప్రభుత్వం డిస్కంకు ముందుగానే కట్టాలని సెక్షన్ 65 చెబుతుంది. ఆ డబ్బు బడ్జెట్లో మన ఎమ్మెల్యేలు ఆమోదించిన డబ్బే. అది టైముకు కట్టకపోతే డిస్కం అప్పు తెస్తుంది, ఆ అప్పుకు వడ్డీ ఎక్కడో ఒకచోట లెక్కలోకి వస్తుంది.

సరే, కమిషన్ అసెంబ్లీకి ఏం ఇవ్వాలి? చట్టంలో రాసి ఉందా?

రాసి ఉంది, స్పష్టంగా. ఈ మాట ఎక్కువ మందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదటిది లెక్కలు. కమిషన్ తన ఖర్చుల లెక్క రాసుకోవాలి, దాన్ని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ చేయాలి, ఆ ఆడిట్ రిపోర్టుతో సహా ప్రభుత్వం శాసనసభ ముందు పెట్టాలి. సెక్షన్ 104 అది. రెండోది వార్షిక నివేదిక. గడిచిన ఏడాది ఏం చేశామో కమిషన్ రాసి ప్రభుత్వానికి పంపాలి, అది కూడా సభ ముందుకు రావాలి. అది సెక్షన్ 105.

మూడోది నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, కమిషన్ చేసే నిబంధనలు. సెక్షన్ 182 ప్రకారం కమిషన్ రాసిన ప్రతి నిబంధనా వీలైనంత త్వరగా శాసనసభ ముందు పెట్టాలి. ఎందుకు పెద్దదంటే, నిబంధన అంటే చిన్న సైజు చట్టం. బావగారి బిల్లులో ఎఫ్‌పీపీసీఏ అని ఉన్న వరుస సంగతే చూడండి. ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చు అనుకున్నదానికంటే పెరిగితే యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా డిస్కమే వేసుకోవచ్చని 2023లో కమిషన్ నిబంధన మార్చింది. అంతకు మించిన మిగతా ఖర్చు కోసం మళ్లీ కమిషన్ దగ్గరికి పోతారు. రాష్ట్రంలో ప్రతి ఇంటి మీద, ప్రతి టిఫిన్ సెంటర్ మీద, ప్రతి మిల్లు మీద పడే ఈ 40 పైసల మార్పు 175 మంది ఉన్న సభలో కనీసం ఒక్క గంట చర్చకు తగదా? మన దగ్గర నుంచి ఒక పన్ను వసూలు చేయాలంటే సభలో బిల్లు పెట్టాలి. ఇది పన్ను కాదు, నిజమే, కానీ కట్టేవాడి జేబుకు ఆ తేడా తెలియదు.

సభ ముందు పెట్టారంటే సభ ఆమోదించినట్టేనా?

కాదు. ఒక కాపీ బల్ల మీద పెట్టినట్టు, అంతే. ఇక్కడ చట్టంలోనే ఒక లోటు ఉంది. కేంద్ర కమిషన్ చేసే నిబంధనలను పార్లమెంటు ముందు 30 రోజులు ఉంచాలని, రెండు సభలూ ఒప్పుకుంటే వాటిని మార్చొచ్చు లేదా రద్దు చేయొచ్చని సెక్షన్ 179లో ఉంది. రాష్ట్రాల గురించి చెప్పే సెక్షన్ 182లో "సభ ముందు పెట్టాలి" అని చెప్పి ఆపేశారు. మార్చడం, రద్దు చేయడం అన్న మాటలే లేవు. ఢిల్లీలో ఎంపీలకు ఇచ్చిన తాళంచెవి మన ఎమ్మెల్యేలకు ఎందుకు ఇవ్వలేదో నాకు అర్థం కాదు, కానీ దీన్ని సరిచేయమని పార్లమెంటులో అడగాల్సింది మన తిరుపతి, చిత్తూరు ఎంపీలే.

రద్దు చేసే అధికారం లేకపోయినా చర్చించకుండా ఎవరూ ఆపలేదు. ఆ నివేదికల కట్ట విప్పే ఓపిక ఎమ్మెల్యేలకు ఉండాలి, విప్పమని అడిగే ఓపిక మనకు ఉండాలి.

అసెంబ్లీలో కమిటీలు ఉంటాయి కదా, అవేం చేస్తాయి?

అసలు పని జరగాల్సింది అక్కడే. సభలో టీవీ కెమెరాల ముందు ఎవరైనా అరుస్తారు, కమిటీ గదిలో కూర్చుని కాగితం మీద కాగితం తిప్పి ప్రశ్న అడగడం వేరే పని. ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ డిస్కం అధికారులను పిలిచి కూర్చోబెట్టి అడగొచ్చు, ప్రజాపద్దుల కమిటీ కాగ్ రిపోర్టు పట్టుకుని అడగొచ్చు.

ప్రజాపద్దుల కమిటీ, అంటే పీఏసీ, ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2024 నవంబరులో మన రాష్ట్రంలో ఆ ఆనవాయితీ ఆగింది. ప్రధాన ప్రతిపక్షానికి ఉన్నది 11 మంది, కమిటీలో గెలవడానికి ఆ బలం చాలదు. మన వైపు పుంగనూరు ఎమ్మెల్యే పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి నామినేషన్ వేసినా వాళ్ల పార్టీ ఓటింగ్‌ను బహిష్కరించింది, అధికార కూటమిలోని జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు ఛైర్మన్ అయ్యారు. అంతకు ముందు పెద్దిరెడ్డిగారే ఇంధన శాఖ మంత్రి, అది కూడా గుర్తుపెట్టుకోవాలి. ఎవరిది తప్పు అన్న గొడవలోకి నేను పోను. నా బాధ ఒక్కటే. ప్రతిపక్షం లేని కమిటీలో గట్టి ప్రశ్న అడిగే మనిషి తగ్గిపోతాడు, సభకు రాని ప్రతిపక్షం ఉన్న ఆ కాస్త గొంతు కూడా వదిలేసుకుంటుంది, మధ్యలో బిల్లు కట్టేది మనం.

ఢిల్లీలో పెద్ద సంస్థలు పార్లమెంటుకు జవాబు చెబుతున్నాయా?

కొన్నిసార్లు చెబుతున్నాయి, కొన్నిసార్లు తప్పించుకుంటున్నాయి. నోట్ల రద్దు తర్వాత 2017 జనవరిలో అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ ఉర్జిత్ పటేల్ పార్లమెంటు కమిటీల ముందుకు వచ్చి కూర్చున్నారు. ఎన్ని నోట్లు తిరిగి వచ్చాయన్న ప్రశ్నకు ఆ రోజు సూటి జవాబు దొరకలేదు గానీ, వచ్చి కూర్చున్నారు, అడగగలిగారు.

2024లో పార్లమెంటు పీఏసీ, కేసీ వేణుగోపాల్ ఛైర్మన్‌గా, చట్టం ద్వారా ఏర్పడిన నియంత్రణ సంస్థల పనితీరు చూస్తామని తానే తీసుకుంది. అక్టోబరు 24న షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీకి అప్పటి అధ్యక్షురాలు మాధవి పురి బుచ్ రావాల్సి ఉండగా రాలేనని ఆ ఉదయం కబురు పంపారు, సమావేశం వాయిదా పడింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం ఇంకొకటి. ధరల పెరుగుదల వరసగా మూడు త్రైమాసికాలు 6 శాతం దాటితే, ఎందుకు అదుపు చేయలేకపోయామో రిజర్వు బ్యాంకు కేంద్ర ప్రభుత్వానికి రాతపూర్వకంగా చెప్పాలని చట్టం ఉంది. 2022లో అదే జరిగింది, బ్యాంకు లేఖ రాసింది. ఆ లేఖ బయటపెట్టండని లోక్‌సభలో అడిగితే, బయటపెట్టాలని చట్టంలో లేదని ప్రభుత్వం చెప్పింది. ఉప్పూ పప్పూ ధర ఎందుకు పెరిగిందో రాసిన లేఖ, కొనేవాళ్ల ప్రతినిధులకు చూపించలేదు. జవాబు ఎవరికి చెప్పాలి అన్న దగ్గర చట్టం "ప్రభుత్వానికి" అని రాసి "సభకు" అని రాయకపోతే ఇదే జరుగుతుంది.

కమిషన్ కోర్టు లాంటిది కదా, దాని గురించి సభలో మాట్లాడొచ్చా?

కమిషన్‌కు సివిల్ కోర్టుకు ఉన్న కొన్ని అధికారాలు ఉన్నాయి. విచారణలో ఉన్న కేసు గురించి సభలో ఇట్లా తేల్చండి అట్లా తేల్చండి అని మాట్లాడకూడదు, అది సరైన పద్ధతే. ఆర్డర్ వచ్చేశాక దాని ప్రభావం గురించి, ఆర్డర్లు ఎంత ఆలస్యం అవుతున్నాయన్నదాని గురించి, ఖాళీలు ఎందుకు నింపలేదు, నిబంధన ఎందుకు మార్చారు, ఇవన్నీ మాట్లాడొచ్చు. "కోర్టు లాంటిది" అన్న మాటను గొడుగులా పట్టుకుని మొత్తం పనిని దాని కింద దాచకూడదు.

2021లో ట్రూ అప్, అంటే పాత ఖర్చు తర్వాతి బిల్లుల్లో రాబట్టుకునేది, వెనక్కి తీసుకున్నారు కదా, అది అసెంబ్లీ వల్లేనా?

కాదు, కోర్టు వల్ల. 2014 నుంచి 2019 దాకా డిస్కంలు అనుకున్నదానికంటే ఎక్కువ పెట్టిన ఖర్చు అని 3,669 కోట్ల వసూలుకు 2021 ఆగస్టులో కమిషన్ ఆర్డర్ ఇచ్చింది, సెప్టెంబరు బిల్లుల్లోనే పడింది. జనానికి సరిగ్గా నోటీసు ఇచ్చి వాళ్ల మాట వినలేదని హైకోర్టులో కేసు పడింది. అప్పుడు కమిషనే ఆ ఆర్డర్ వెనక్కి తీసుకుని, వసూలైన డబ్బు తర్వాతి బిల్లుల్లో సర్దమని చెప్పి, మళ్లీ మొదటి నుంచి విచారణ పెట్టింది.

ఆ తర్వాత 2022-23లో కరెంటు కొనుగోలుకు ఎక్కువైన ఖర్చు 6,072 కోట్లు జనం దగ్గర రాబట్టుకోవడానికి 2024లో అనుమతి వచ్చింది. ఎప్పుడో వాడిన కరెంటుకు రెండేళ్ల తర్వాత కట్టడం అన్నమాట. తిరుపతి లాంటి ఊళ్లో సగం జనం అద్దె ఇళ్లల్లో మారుతూ ఉంటారు, చదువుకునే పిల్లలు, కొండ మీద డ్యూటీ చేసేవాళ్లు, ఆసుపత్రి పని మీద వచ్చి ఉండేవాళ్లు. కొత్తగా దిగినవాళ్ల మీద పాతవాళ్ల బాకీ పడితే ఎవరిని అడగాలి? ఇలాంటి సంగతి కమిషన్ ముందుకు లెక్కల రూపంలోనే పోతుంది. మనుషుల రూపంలో చెప్పగలిగేది ఊరి ఎమ్మెల్యే. సభలో ఆయన లేచి చెప్పాల్సింది ఇదే.

ఎక్కువ అడిగితే కమిషన్ స్వతంత్రత పోదా? రాజకీయం దూరిపోదా?

మంచి ప్రశ్న, ఈ భయం నాకూ ఉంది. మన దగ్గరే ఒక ఉదాహరణ చూశాం. 2021 ఏప్రిల్ చివర్లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కరకంబాడి, నూనెగుండ్లపల్లిలోని అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీలను మూసేయమని ఆదేశించింది. సీసం కాలుష్యం అని మండలి చెప్పింది. ఆ కంపెనీ యజమానుల కుటుంబం నుంచి ఒకరు అప్పుడు ప్రతిపక్ష పార్టీ ఎంపీ కాబట్టి ఇది కక్ష అని చాలామంది అన్నారు. హైకోర్టు ఆ ఆదేశాలను నిలిపివేసింది. వేల మంది పనివాళ్ల కుటుంబాలు ఆ రోజుల్లో ఎంత టెన్షన్ పడ్డాయో తిరుపతిలో అందరికీ తెలుసు. అక్కడ సీసం ఎంత ఉంది, మండలి ఎప్పటి నుంచి చూస్తోంది, ఇన్నేళ్లు ఏం చేసింది అన్న ప్రశ్నలకు అన్ని పార్టీలూ కూర్చున్న ఒక కమిటీ ముందు మండలి జవాబు చెప్పి ఉంటే, కక్షా నిజమా అన్నది జనానికి తెలిసేది. పనివాళ్ల ఒంట్లో సీసం ఉంటే అది కూడా తెలియాల్సిన సంగతే.

రాజకీయం దూరేది చీకట్లో ఫోన్ల ద్వారా. అందరి ముందు, రికార్డులో, రెండు పక్షాలూ ఉన్న కమిటీలో అడిగే ప్రశ్నతో దానికి పెద్దగా పని ఉండదు.

స్కూల్ ఫీజుల కమిషన్, ఇళ్లు, ప్లాట్ల అమ్మకాలు చూసే రెరా, ఇవన్నీ కూడా ఇంతేనా?

ఒక్కోదానికి ఒక్కో చట్టం, వివరాలు వేరు. 2019లో రాష్ట్రంలో స్కూళ్లకు ఒకటి, కాలేజీలకు ఒకటి నియంత్రణ కమిషన్లు పెట్టారు, ఫీజులు ఖరారు చేస్తూ ఇచ్చిన జీవోలను 2021లో హైకోర్టు కొట్టేసింది. మళ్లీ కోర్టే. సభలో తేలాల్సిన ప్రతిదీ కోర్టులో తేలుతోంది.

కమిషన్ ఆర్డర్ నచ్చకపోతే మామూలు మనిషి ఎక్కడికి పోవాలి?

పైకి పోవాలంటే ఢిల్లీలో విద్యుత్ అప్పీల్ ట్రిబ్యునల్, ఆ పైన సుప్రీంకోర్టు. పిండి మిల్లు ఓనరు ఢిల్లీ పోయి లాయర్‌ను పెట్టుకునేది అయ్యే పనేనా? బిల్లులో తప్పు, మీటర్ సమస్య లాంటివైతే 1912కు ఫోన్, అది తేలకపోతే డిస్కం దగ్గర వినియోగదారుల ఫోరం, ఆ తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్. కానీ రేటు ఎక్కువైందని వాళ్లకు చెబితే వాళ్లేం చేయలేరు.

మరి రేటు గురించి మాట్లాడాలంటే?

ఆర్డర్ రాకముందే మాట్లాడాలి. డిస్కంలు నవంబరు చివరికల్లా వచ్చే ఏడాది ఖర్చుల లెక్క కమిషన్‌కు ఇస్తాయి, పేపర్లో ప్రకటన వస్తుంది, అభ్యంతరాలు పంపడానికి గడువు ఇస్తారు, తర్వాత బహిరంగ విచారణ. కొత్త రేట్లు ఏప్రిల్ 1 నుంచి. ఎవరైనా రాయొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఈమధ్య వీడియోలో మాట్లాడే వీలు కూడా ఇస్తున్నారు. నేను మాట్లాడినప్పుడు నా ముందు రైతు సంఘం పెద్దాయన ఒకరు రాయలసీమ యాసలో బోర్ల దగ్గర లోవోల్టేజి గురించి చెప్పారు, కమిషన్ వాళ్లు శ్రద్ధగా విన్నారు, డిస్కం అధికారులను అక్కడే జవాబు అడిగారు. ఆ ఒక్క విషయంలో కమిషన్‌ను మెచ్చుకోవాలి. ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా అక్కడికి వచ్చి మామూలు మనుషుల్లాగే మాట్లాడొచ్చు. నేను పోయిన రోజు ఒక్కరూ రాలేదు.

ఆర్డర్లు, నివేదికలు ఇంగ్లీషులో ఉంటాయి, మాకెట్లా అర్థమవుతాయి?

ఇది నిజమైన ఇబ్బంది. టారిఫ్ ఆర్డర్ వందల పేజీలు, అంతా లెక్కల ఇంగ్లీషు. సభలో తెలుగులో మాట్లాడే ఎమ్మెల్యేలకు కూడా ఇదే ఇబ్బంది, అందుకే చాలామంది ఆ కట్ట విప్పరు. కనీసం వార్షిక నివేదిక తెలుగులో సభకు ఇవ్వమని అడగడం మన హక్కు. అది దొరికేదాకా, చదువుకునే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లతో మన కేటగిరీకి సంబంధించిన పేజీలు మాత్రం చదివించుకోండి.

ఎమ్మెల్యేకు ఉత్తరం రాయాలంటే ఏమని రాయాలి?

"బిల్లు ఎక్కువొచ్చింది, తగ్గించండి" అని రాయొద్దు. ఆయన దాన్ని కరెంటు ఆఫీసుకు పంపేసి చేతులు దులుపుకుంటారు. ఆయన సభలో అడగగలిగిన ప్రశ్నలు రాయండి. కమిషన్ వార్షిక నివేదిక సభ ముందు చివరిసారి ఏ తేదీన పెట్టారు? 40 పైసల నిబంధన సభ ముందు పెట్టారా, పెడితే ఎప్పుడు? సెక్షన్ 108 కింద ఈ ఐదేళ్లలో ప్రభుత్వం ఎన్ని ఆదేశాలు ఇచ్చింది? సబ్సిడీ డబ్బు డిస్కంకు ఎంత బాకీ ఉంది? ఇవే నాలుగు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో మీరు కూడా అడగండి, ఆ జవాబు ఉత్తరానికి జత చేయండి. బడ్జెట్ సమావేశాలకు ఒక నెల ముందు పంపితే ప్రశ్న వేయడానికి ఆయనకు టైం ఉంటుంది.

బావగారు తన ఉత్తరం మీద చుట్టుపక్కల మిల్లుల వాళ్ల సంతకాలు కూడా పెట్టించారు, ఒక్కో సంతకం పక్కన సర్వీసు నంబరు రాయించి. రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. రసీదు మిల్లులో మీటరు బోర్డు పక్కనే అంటించి ఉంది, పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు అదేంటని అడిగితే ఆయన మిషను ఆపి మరీ చెబుతున్నారు.